వంతెన ఉంటే దీవి కాదు

దోసలంకకి వంతెన వేయిస్తానని మొదట మాటిచ్చిన మంత్రిగారు కాలం చేశారు, రేవు దగ్గర ఆయనకి విగ్రహం పెట్టారు, ఆ విగ్రహానికి రెండుసార్లు రంగులు కూడా వేశారు. వంతెన మాత్రం ఇరవై రెండేళ్లయినా తెమల్లేదు. గోదారి పాయ మీద స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒకటి చొప్పున మొత్తం తొమ్మిది ఖానాలు కట్టాలి. ఎనిమిది అయ్యాయి. లంక వైపు మిగిలిన తొమ్మిదో ఖానాకి కావలసిన గడ్డర్లు కూడా పోతపోసి ఒడ్డున పెట్టారు. వాటి మీద ఊరి ఆడవాళ్లు మూడేళ్లుగా మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నారు. మధ్యలో ఉన్న ఖాళీ గట్టిగా ముప్ఫై గజాలు. అవతల నుంచి ఎవరైనా "ఏం కూర?" అని అడిగితే ఇవతల నుంచి జవాబు చెప్పచ్చు, కూర మాత్రం అందించలేం.

సర్పంచ్ రాపాక సత్యవేణి ఆ ముప్ఫై గజాల పేరు చెప్పి ఎన్నికల్లో గెలిచింది. ఊరికిచ్చిన మాట సరే, అంతకన్నా పెద్ద అవసరం ఆవిడ ఇంట్లోనే ఉంది. భర్త అబ్బులుకి మూడేళ్ల కిందట కిడ్నీలు మొరాయించాయి. అప్పట్నుంచి ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం పాయ దాటి అమలాపురం వెళ్లి, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషనుకి చెయ్యి అప్పగించి పడుకోవాలి. గోదారి మామూలుగా ఉన్నన్నాళ్లూ పడవ ఉంది. శ్రావణంలో వరదొచ్చి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే పడవలు కట్టేస్తారు. కిందటేడు అలా కట్టేసినప్పుడు ఒక మంగళవారం, ఒక శుక్రవారం తప్పిపోయాయి. శనివారానికి అబ్బులుకి ఒళ్లంతా నీరుపట్టి, కూర్చుంటే ఆయాసం, పడుకుంటే ఆయాసం. ఆఖరికి సహాయక దళం వాళ్లు మరపడవలో దాటించారు. ఆ శనివారం సత్యవేణి ఇంకా మరిచిపోలేదు. అందుకే ఈసారి వరదకి ముందే తొమ్మిదో ఖానా పడాలని కాంట్రాక్టరు ఇంటి చుట్టూ, ఇంజనీర్ల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, మాఘమాసంలో క్రేను రప్పించింది.

క్రేను వచ్చిన రోజే చిదంబరంగారూ వచ్చారు.

ఆయన ద్వీప ఆకర్షణాభివృద్ధి సంస్థలో ప్రత్యేక సమన్వయాధికారి. ఆ సంస్థ వారు పదిహేడు మంది మధ్యధరా సముద్రంలో ఒక దీవికి వెళ్లి, పదకొండు రోజులు అధ్యయనం చేసి, ఎండకి కందిన ముక్కులతో తిరిగొచ్చారు. చల్లటి దేశాల వాళ్లు ఆ దీవికి ఎందుకు ఎగబడుతున్నారు, అక్కడ ఇళ్లెందుకు కొనేసుకుంటున్నారు అన్నది అధ్యయనం. రెండు వందల నలభై పేజీల నివేదికలో తేలిందేమిటంటే, ఆ దీవి చుట్టూ నీళ్లున్నాయి. గోడలు తెల్లగా, తలుపులు నీలంగా ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు. ముసలివాళ్లు ఒడ్డున కూర్చుని నీళ్లకేసి చూస్తుంటారు. ఈ నాలుగూ మన దగ్గర ఏర్పాటు చేస్తే ఆ జనమంతా ఇటే వస్తారని, అందులో నీళ్లు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి పని సగం అయినట్టేనని సంస్థ తీర్మానించింది. విదేశీయులకి మన నేల అమ్మడానికి వీల్లేదు గనక తొంభై తొమ్మిదేళ్ల లీజుకి ఇస్తారు. ఎంచుకున్న దీవి దోసలంక.

చిదంబరంగారు క్రేను వంక చూసి, రుమాలుతో నుదురు తుడుచుకుని, "ఇదేమిటి?" అన్నారు.

"వంతెనండి. ఈ వారంతో అయిపోద్దండి," అంది సత్యవేణి.

"సర్పంచ్ గారూ, తమరు తొందరపడుతున్నారు. దీవి అనగానేమి?"

"మేం ఉంటున్నదేనండి."

"నాలుగు వైపులా నీటిచే చుట్టబడిన భూభాగము. వంతెన అనే నిర్మాణము సదరు భూభాగాన్ని ప్రధాన భూమితో అనుసంధానము గావించును. అంతటితో దీవి హోదా రద్దు. వంతెన ఉంటే దీవి కాదు. ఇది నా సొంత అభిప్రాయం కాదమ్మా, నివేదిక పేజీ నూట పన్నెండు."

"మరి ఇరవై రెండేళ్ల నుంచి కడతానే ఉన్నారు కదండి."

"పూర్తి చేయలేదు కదా. అందుకు సంస్థ తరఫున మీ గ్రామానికి అభినందనలు."

సత్యవేణి ఆయనకి అడ్డంగా వెళ్లి నిలబడింది. "మా ఆయన వారానికి రెండుసార్లు దాటాలండి. మిషను మీద పెట్టకపోతే మనిషి దక్కడండి," అంది.

చిదంబరంగారు చెడ్డవారు కాదు. నిజంగానే విచారించారు. విచారించి, డైరీ తీసి రాసుకున్నారు. "పడవ ప్రయాణం దీవి ఆకర్షణలో అంతర్భాగం. మీవారి ప్రయాణాలను సంస్థ మనస్ఫూర్తిగా ప్రోత్సహిస్తుంది," అన్నారు.

క్రేను వచ్చిన దారినే పోయింది. మర్నాడు గడ్డర్ల మీద మళ్లీ మిరపకాయలు ఎండాయి.

ఆ తర్వాత దోసలంక మధ్యధరా అవడం మొదలైంది. గోడలకి సున్నం కొట్టారు, తలుపులకి నీలం రంగు వేశారు. గడపలకి పసుపు రాసుకోవచ్చా లేదా అన్న దాని మీద మాత్రం ఆడవాళ్లు పట్టుబట్టడంతో, గడప తలుపులో భాగమా గోడలో భాగమా తేల్చడానికి ఉపసంఘం వేశారు. అది ఇంకా తేల్చలేదు. ఆలివ్ మొక్కలు మూడు వందలు నాటి, అవి ఎదిగేదాకా ఉండనిస్తామని కొబ్బరిచెట్లకి "తాత్కాలికం" అని బోర్డులు కట్టారు. లంక చెమ్మకి ఆలివ్ మొక్కలు పదిరోజుల్లో తల వాల్చేశాయి. బోర్డులు మాత్రం కొబ్బరిచెట్లకి అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం నిద్ర దోసలంకకి కొత్తేం కాదు. తెల్లారకుండానే దోసపాదుల్లోకి దిగేవాళ్లు అన్నం తిన్నాక ఎలాగూ నడుం వాలుస్తారు. కానీ సర్కారీ నిద్ర పద్ధతి వేరు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఎవరెవరు పడుకున్నారో రోజూ నివేదిక పంపాలి. అందుకని గ్రామ సచివాలయం ఉద్యోగి రెండున్నరకి ఇంటింటికీ వెళ్లి, పడుకున్నవాళ్లని తట్టిలేపి, నిద్రపోతున్నట్టు సంతకాలు పెట్టించుకునేవాడు. వారం తిరిగేసరికి ఊళ్లో కునుకన్నది లేకుండా పోయింది. నివేదికలో మాత్రం నూటికి నూరు శాతం నిద్ర నమోదైంది.

అబ్బులుకి ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం పేరు తీర విశ్రాంత వృద్ధుడు.

"రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా రేవులో ఈ బల్ల మీద కూర్చుని అనంతంలోకి చూడాలి," అన్నారు చిదంబరంగారు.

"అటేపు లాకుల ఆఫీసుందండి," అన్నాడు అబ్బులు.

"దాని మీదుగా చూడండి."

అబ్బులు ఒప్పుకున్నాడు. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి వెళ్లాలి గనక సెలవు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. అనారోగ్యం వృద్ధుడి సహజ లక్షణమనీ, కాబట్టి వృద్ధుడి పోస్టుకి అనారోగ్య సెలవు వర్తించదనీ జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆ రెండు రోజులూ బల్ల మీద తన తలపాగా పెట్టి వెళ్లేవాడు. తనిఖీకి వచ్చినవాళ్లెవరూ తేడా కనిపెట్టలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఏటా ఏప్రిల్లో పాయ ఎండిపోయి ఇసకతిన్నె తేలుతుంది. ఊరంతా కలిసి ఇసక మీద తాటిమట్టలు పరిచి, మట్టి పోసి బాట వేస్తారు. మళ్లీ వరదొచ్చేదాకా ఆ బాటే వాళ్ల వంతెన. ఆటోలు ఇంటి ముందుకొస్తాయి, అబ్బులు చెప్పు తడవకుండా అమలాపురం వెళ్లొస్తాడు. ఈ ఏడు బాట వేస్తుండగా చిదంబరంగారు చూసి పరుగున వచ్చారు.

"నాలుగో వైపు నీరేదీ?" అన్నారు.

"ఎండిపోయిందండి. ఏటా ఇంతేనండి," అంది సత్యవేణి.

"ఈ సంగతి నివేదికలో లేదు."

ఆయన ఆ సాయంత్రమే నీటిపారుదల వారికి ఉత్తరం రాశారు. జూన్ మొదటి వారంలో విదేశీయులు ఇళ్లు చూసుకోవడానికి వస్తున్నారు, కనుక దీవి చుట్టూ నీరు సరఫరా చేయగలరు అని. కాలవలు కట్టేసి ఉన్నాయనీ, వీలైతే మీ దీవిని జూలై దాకా వాయిదా వేసుకోగలరనీ వాళ్లు తిరుగు టపాలో రాశారు. చిదంబరంగారు రెండు రోజులు ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. పాయని కాలినడకన దాటడం దీవి హోదాకు భంగకరం, అందుచేత నిషేధం. యథావిధిగా పడవలోనే దాటాలి.

"పడవ నడవాలంటే నీళ్లుండాలి కదండి," అంది సత్యవేణి.

"నీరు వేరే శాఖ పరిధిలోనిది. పడవ మన పరిధిలోనిది. మన పరిధిలోని పని మనం లోపం లేకుండా చేద్దాం."

అలా పడవని ట్రాక్టరు తొట్టెలోకి ఎక్కించారు. జనం నిచ్చెన వేసుకుని పడవలో కూర్చుంటే, ట్రాక్టరు ఇసక మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లాక్కెళ్లేది. పడవ ప్రయాణం కాబట్టి అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. మొదటి మంగళవారం అబ్బులు జాకెట్టు బిగించుకుని, పడవ అంచు మీంచి చెయ్యి కిందికి చాపి, నీళ్లు తగులుతాయేమోనన్నట్టు వేళ్లాడించాడు. సత్యవేణికి ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇప్పుడు సరే మావా. శ్రావణంలో ఏం సేద్దాం?" అంది.

"శ్రావణం దాకా ఉంటే కదా."

"ఇంకోపాలి ఆ మాటన్నావంటే పడవలోంచి తోసేత్తాను."

"తోసెయ్. నడిసెల్లిపోతాను," అన్నాడు అబ్బులు.

జూన్ మొదటి వారంలో పదకొండు మంది విదేశీయులు దిగారు. అందరూ అరవై అయిదు దాటినవాళ్లే. వాళ్లకి తొంభై తొమ్మిదేళ్ల లీజు దేనికో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇసక మీద పోతున్న పడవని చూసి ఇది ఇక్కడి ప్రాచీన ఆచారం అనుకుని ఫొటోలు తీసుకున్నారు. తెల్లగోడలు బాగున్నాయన్నారు. దోసకాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తిని, ముక్కు తుడుచుకుంటూ అవి కూడా బాగున్నాయన్నారు. చిదంబరంగారు సూర్యాస్తమయం గురించి నలభై నిమిషాలు ఉపన్యసించి, సందేహాలుంటే అడగమన్నారు. పదకొండు చేతులూ లేచాయి. అందరిదీ ఒకటే సందేహం.

"ఆసుపత్రి ఎంత దూరం?"

"ఇంత ప్రశాంత వాతావరణంలో రోగములు దరిచేరవు," అన్నారు చిదంబరంగారు.

వాళ్లలో ముగ్గురికి గుండెలో స్టెంట్లున్నాయి, ఇద్దరికి తుంటి ఎముకలు మార్చారు, మిగిలినవాళ్ల సంచుల్లో బట్టల కన్నా మాత్రలెక్కువ. వచ్చేసిన రోగాల సంగతేమిటని అడిగారు. ఎండాకాలమైనా వరదైనా అరగంటలో ఆసుపత్రికి చేరే దారి చూపిస్తే సంతకం పెడతాం, లేకపోతే సెలవు అన్నారు.

ఆ పదకొండు మందిలో ఒకావిడ మాత్రం ఇళ్ల వైపు కాకుండా మనుషుల వైపు చూస్తోంది. పేరు ఫిలోమినా. డెబ్బై ఒకటో ఏడు. ఆవిడ చల్లటి దేశం మనిషి కాదు. చిదంబరంగారి బృందం పదకొండు రోజులు చదువుకొచ్చిన ఆ మధ్యధరా దీవిలోనే పుట్టి పెరిగింది. తెలుగు రాదు గానీ, ఆవిడ తన భాషలో మాట్లాడితే చేతిలోని ఫోను దాన్ని తెలుగులో పలికేది. అది ఏ పాత పుస్తకాల్లో నేర్చుకుందో గానీ గ్రాంథికం తప్ప మాట్లాడదు.

"అంత మంచి సోటు వదిలేసి ఇక్కడికెందుకొచ్చారండి?" అని సత్యవేణి అడిగింది.

ఆవిడ చాలాసేపు చెప్పింది. ఫోను వాక్యం తర్వాత వాక్యం పలికింది. "మా గ్రామములోని గృహములన్నియు పరదేశీయులు కొనిరి. వారు సంవత్సరమునకు రెండు వారములు వచ్చెదరు. తక్కిన కాలము తాళములు. రొట్టెల దుకాణము మూసిరి. పాఠశాల మూసిరి. మా దీవి మిక్కిలి సుందరము. అందులో ఎవరూ లేరు."

సత్యవేణి తెల్ల సున్నం కొట్టిన తన ఊరి వైపు ఒకసారి చూసుకుంది.

దోసలంకలో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలిస్తే తిట్టినట్టే. ఊళ్లో అడుగుపెట్టిన వాళ్లెవరికైనా ముందు వరస కలుపుతారు, తర్వాతే మంచినీళ్లిస్తారు. సూదిమందు వేసే నర్సు పిన్ని, కరెంటు మీటరు చూసేవాడు బావ, ఊరికి ఒక్కసారి వచ్చి వెళ్లిన బీమా ఏజెంటు కూడా ఇప్పటికీ చిన్నాన్నే. ఫిలోమినా అబ్బులు ఎడమ చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరాన్ని చూసి, దాని మీద వేలు పెట్టి, "నా భర్తకును ఇటులనే ఉండెను. మా దీవికి పడవ దినమునకు ఒక్కటే," అంది. ఆ తర్వాత ఏమైందో ఎవరూ అడగలేదు.

"అయితే మీరు నాకు అక్క. దీనికి వదిన," అన్నాడు అబ్బులు.

ఫోను అది ఆవిడ భాషలోకి మార్చింది. ఆవిడ కొంచెం ఆలోచించి, "ఈ నియామకము ఎంత కాలము?" అని అడిగింది.

"సచ్చేదాకానండి."

"లీజు కన్న మేలు," అంది ఫిలోమినా.

ఇరవై రెండేళ్లు కదలని ఫైలు తొమ్మిది రోజుల్లో ఏడు బల్లలు దాటింది. పేజీ నూట పన్నెండుకి సవరణ పడింది. విదేశీ అతిథుల ప్రాణరక్షణకై నిర్మించు మార్గము చూచుటకు వంతెన వలె ఉన్నను వంతెనగా పరిగణింపబడదు, కావున దీవి హోదాకు భంగము లేదు. మిరపకాయలు ఎత్తుకోమని ఆడవాళ్లకి గంట గడువిచ్చారు. ఆషాఢం దాటకుండా గడ్డర్లెక్కించి, శ్లాబు పోసి, రెయిలింగుకి నీలం రంగు కూడా వేసేశారు. ఊరు ఊరంతా టపాకాయలు కాల్చింది. సత్యవేణి వంతెన మొదట్లో కొబ్బరికాయ కొట్టి, నేలకి దణ్ణం పెట్టింది. అబ్బులు ఆ చివరిదాకా నడిచెళ్లి, ఊరికే మళ్లీ వెనక్కి నడిచొచ్చాడు. పదకొండు మందీ సంతకాలు పెట్టారు. పదిమంది ఊళ్లో లీజుకి తీసుకున్న తెల్లిళ్లకి తాళాలేసుకుని, చలికాలం వస్తామని చెప్పి వెళ్లిపోయారు. ఫిలోమినా ఒక్కతే ఉండిపోయింది.

మర్నాడు వంతెన మొదట్లో ఒక ఇనప గేటు, గవర్రాజు అనే సెక్యూరిటీ గార్డు, ఒక బోర్డు వెలిశాయి. "అత్యవసర వైద్య మార్గము. విదేశీ లీజుదారులు మరియు వారి బంధువులకు మాత్రమే. ఇతరులు దీవి ఆకర్షణ పరిరక్షణార్థము పడవను వినియోగించవలెను."

సత్యవేణి పరుగున చిదంబరంగారి దగ్గరికి వెళ్లింది. "మా రోగాలు రోగాలు కావేంటండి?" అంది.

"అమ్మా, కాదని ఎవరన్నారు? కానీ తమరు పడవలో కనపడాలి. తమరంతా వంతెన మీద కనపడితే ఈ ఊరికీ వేరే ఊరికీ తేడా ఏముంది? ఆ వచ్చినవారు దేన్ని చూసి వచ్చారు? మిమ్మల్ని చూసి. మీరే ఆకర్షణ. గర్వపడాల్సిన విషయం."

ఆ రోజు సత్యవేణికి కోపం రాలేదు, సిగ్గేసింది. పుట్టి పెరిగిన ఊళ్లో బొమ్మల కొలువులో బొమ్మలా నిలబెట్టినట్టనిపించింది. ఇంటికొచ్చి అబ్బులుతో చెప్పాల్సిన పని లేకపోయింది. గేటు పెట్టడం అతను బల్ల మీద కూర్చునే చూశాడు.

శ్రావణంలో గోదారి వచ్చింది. ఎర్రటి నీళ్లు సోమవారం నాటికి రేవు మెట్లన్నీ మింగి, అబ్బులు కూర్చునే బల్లని పట్టుకుపోయాయి. మంగళవారం పొద్దున్న రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పడవలు కట్టేశారు. ఎనిమిదింటికల్లా సత్యవేణి అబ్బులుని, వంతెన పండగనాడు ఊళ్లోకొచ్చి గేటు పడ్డాక చిక్కుకుపోయిన ఆటోలో కూర్చోబెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. చిదంబరంగారు గొడుగేసుకుని అక్కడే ఉన్నారు. వరద సౌందర్యం మీద నివేదిక రాయడానికి ఆయన రెండు రోజుల ముందే, తన ఉత్తర్వు ప్రకారం పడవలోనే వచ్చి, తాళాలేసిన ఒక తెల్లింట్లో బస చేశారు.

గవర్రాజు మెట్ట ప్రాంతం వాడు. మాజీ సైనికుడు. బోర్డు మీద ఏది రాస్తే అదే అతనికి వేదం. "లీజుదారులు, బంధువులు మాత్రమేనండి," అన్నాడు.

"మనిషిని సూడు బాబూ. పది గంటలకి మిషను మీదుండాలి," అంది సత్యవేణి.

"నిబంధన నిబంధనేనమ్మా," అన్నారు చిదంబరంగారు, ఆమె మొహంలోకి చూడకుండా. "హెలికాప్టరు కోసం ఉత్తరం పంపించాను. శుక్రవారానికి జవాబు వస్తుంది."

అప్పుడు బురదలో గౌను ఎత్తిపట్టుకుని ఫిలోమినా వచ్చింది. ఫోను గవర్రాజు మొహానికి ఎదురుగా పెట్టింది. "ఇతడు నా తమ్ముడు. ద్వారము తెరువుము," అంది ఫోను.

"ఇదెలా కుదురుతుంది?" అన్నారు చిదంబరంగారు. "బంధువు అనగా రక్తసంబంధము, లేదా వివాహసంబంధము..."

"అది ఏ పేజీలో ఉందండి?" అంది సత్యవేణి.

గవర్రాజు తన దగ్గరున్న నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. "బంధువంటే ఎవరో ఇందులో రాయలేదు సార్. లీజుదారు చెప్పాలి, వచ్చినవాళ్లు సంతకం పెట్టాలి అని మాత్రం ఉంది," అన్నాడు. రిజిస్టరు తీసి అడిగాడు. "లీజుదారుకి మీరేమవుతారు?"

"తమ్ముణ్ని," అన్నాడు అబ్బులు.

గేటు తెరుచుకుంది. సత్యవేణి ఆటో తోలే అతనికి వందసార్లు జాగ్రత్తలు చెప్పి పంపించింది. తను మాత్రం వెళ్లలేదు, ఊరు వెనకాల ఉంది. ఆటో వంతెన మీద చిన్నదైపోయేదాకా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఫిలోమినా ఆవిడ భుజం మీద చెయ్యేసి నిలబడింది.

మధ్యాహ్నానికి వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఊరు గేటు దగ్గరికి కదిలింది. మూటలతో, కోళ్లగంపలతో, గేదెలతో వరసగా నిలబడ్డారు. ఫిలోమినా గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. గవర్రాజు ఒక్కొక్కళ్లనీ అడిగాడు, ఒక్కొక్కళ్లూ తడుముకోకుండా చెప్పారు. మరదలు, తోడికోడలు, పెద్దమ్మ కూతురు, వేలువిడిచిన మేనత్త, అన్నగారి వియ్యంకుడు. వరస చెప్పినప్పుడల్లా ఫిలోమినా వాళ్ల మొహం చూసి, గంభీరంగా తలూపింది. సాయంత్రం నాలుగింటికి నాలుగు వందల పదకొండు మంది దాటారు.

"ఒక్కావిడకి నాలుగొందల పదకొండు మంది బంధువులా?" అన్నారు చిదంబరంగారు నీరసంగా.

"చిన్న ఊరు కదండి. పెద్ద ఊరైతే ఇంకా ఉండేవోరు," అంది సత్యవేణి.

మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. తెల్లిళ్ల నీలం తలుపులు సగం దాకా మునిగాయి. లంకలో మిగిలింది నలుగురు. చిదంబరంగారు గొడుగు ముడిచి, సంచీ భుజాన వేసుకుని, గేటు వైపు నడిచారు. గవర్రాజు సెల్యూట్ చేశాడు గానీ గేటు తియ్యలేదు.

"నేనయ్యా. ఈ నిబంధన రాసినవాణ్ని," అన్నారు చిదంబరంగారు.

"తెలుసు సార్. అధికారులు కూడా పడవలోనే రావాలి, పోవాలి అని తమరే రాశారు. పదకొండో అంశం."

"పడవలు లేవు."

"అది వేరే శాఖ అనుకుంటాను సార్," అన్నాడు గవర్రాజు. పాపం, అతను వెటకారానికి అనలేదు.

నీళ్లు చిదంబరంగారి బూట్లలోకి వచ్చాయి. ఆయన ఆ రోజు మొదటిసారి సత్యవేణి మొహంలోకి చూశారు. సత్యవేణి ఆయన్ని తిట్టచ్చు. తిట్టాలనే ఉంది కూడా. కానీ ఆ మనిషి కూడా ఇప్పుడు గేటుకి ఇవతలే ఉన్నాడు.

"ముందు గేటు తీసేయమని కాయితం రాయండి," అంది.

చిదంబరంగారు డైరీలోంచి కాగితం చింపి, సంచీ మీద పెట్టుకుని, సదరు గేటు తక్షణం తొలగించవలెనని, వంతెన సర్వజనులకు అందుబాటులో ఉండవలెనని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి గవర్రాజుకి ఇచ్చారు. గవర్రాజు శ్రద్ధగా చదివాడు.

"బాగుంది సార్. ఇది టపాలో పై ఆఫీసుకెళ్లి, నంబరు పడి రావాలి. సోమవారానికి గేటు పీకేస్తాను. అందాకా లీజుదారులు, బంధువులేనండి."

ఆ మాటల్లో తప్పు పట్టడానికి చిదంబరంగారికే ఏమీ దొరకలేదు.

సత్యవేణి ఫిలోమినా చెవిలో ఏదో చెప్పింది. ఫోను ఏదో గొణిగింది. ఫిలోమినా కుర్చీలోంచి లేచి, చిదంబరంగారిని గొడుగు లేని నెత్తి నుంచి తడిసిన బూట్ల దాకా ఒకసారి చూసి, ఒక మాట అంది. "కుమారుడు," అని పలికింది ఫోను.

గవర్రాజు రిజిస్టరు తెరిచి, నాలుగు వందల పన్నెండో వరస దగ్గర పెన్ను ఆనించాడు. "సొంత కొడుకా సార్, వరసకి కొడుకా?"

చిదంబరంగారు గోదారి వంక చూశారు. అది తొందరగా వస్తోంది.

"సొంత కొడుకునే. రాసుకో," అన్నారు.

సంతకం పెట్టాక గేటు తెరుచుకుంది. ఆయన రెండడుగులు గబగబా వేసి, ఆగి, వెనక్కి తిరిగి, సంచీ కుడి భుజానికి మార్చుకుని, ఫిలోమినాకి ఎడమ చెయ్యి అందించారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. వెనకాల మరదలి వరసలో సంతకం పెట్టిన సత్యవేణి, రిజిస్టరు చంకన పెట్టుకున్న గవర్రాజు నడిచారు. అబ్బులు మిషను మీంచి లేచి ఫోన్ చేశాడు, అన్నం తిన్నావా అని అడిగాడు, వస్తున్నానంది.

వంతెన మీద, ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఆ ముప్ఫై గజాలు దాటాక, ఫోను మళ్లీ పలికింది.

"మెల్లగా నడువుము నాయనా. దారి తడిగా నున్నది."